కుండెడు కూరగాయలు, గరిటెడు సోఫ్రీతో

అందరికీ నమస్కారం. మిద్దె తోటలున్నవాళ్ళే ఎక్కువమంది వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళదాం. తోట కాపు మీదున్నప్పుడు టమాటాలన్నీ ఒక్కసారే పండుతాయి. సొరపాదు ఆగదు, వంగచెట్లు ఆగవు. ఇరుగుపొరుగుకి పంచాక కూడా వంటింట్లో బుట్టలు బుట్టల్లాగే ఉంటాయి. మదనపల్లెలో ధర పడిపోయిన వారం పెట్టెలకొద్దీ టమాటా కొనుక్కొచ్చినవాళ్ళ ఇబ్బందీ ఇదే. పచ్చళ్ళు, ఒరుగులు మనకు తెలిసిన దారులు. స్పెయిన్ ఇళ్ళలో తరతరాలుగా నడుస్తున్న దారి ఇంకొకటుంది. దాని పేరు సోఫ్రీతో.

సోఫ్రేయిర్ అనే స్పానిష్ క్రియ నుంచి వచ్చిన మాట ఇది. పూర్తిగా వేపకుండా, సన్న సెగ మీద నూనెలో మగ్గించడం అని అర్థం. స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతంలో సుఫ్రెజిత్ అంటారు. 14వ శతాబ్దపు కాటలాన్ వంట గ్రంథాల్లోనే ఇది కనిపిస్తుంది. అందులో టమాటా ఉండదు, ఉండే అవకాశమే లేదు. టమాటా అమెరికా ఖండాల పంట. 1492లో కొలంబస్ ప్రయాణం తర్వాతే అది యూరప్‌కి దారి పట్టింది. అంతకు ముందు సుఫ్రెజిత్ అంటే ఉల్లి, దాని చుట్టాలు, కొవ్వు, ఓపిక. ఈ చరిత్ర ఎందుకు చెబుతున్నానంటే, చాలామంది దీన్ని టమాటా సాస్ అనుకుంటారు. దీనికి ప్రాణం ఉల్లిపాయ. ఉల్లి సరిగా మగ్గకపోతే ఎంత మంచి టమాటా పోసినా అది సోఫ్రీతో కాదు.

ఒక మాట ముందే. ఇదే పేరుతో ప్యూర్టో రికోలో చేసేది వేరు. అక్కడ పచ్చి మిరప, ఆకులు, వెల్లుల్లి కలిపి పచ్చిగానే రుబ్బుతారు. ఇటలీవాళ్ళ సొఫ్రిత్తోలో ఉల్లి, క్యారట్, సెలరీ ఉంటాయి. మనం మాట్లాడేది స్పెయిన్‌ది.

ఇక లెక్క. టమాటాలో నూటికి 94 పాళ్ళు నీరే. ఉల్లిలో 89. సొరకాయ, జుకినీలలో 95 దాకా. సోఫ్రీతో చేయడమంటే ఈ నీటిని తొందరపెట్టకుండా బయటికి పంపడం. నీరున్నంతసేపూ గిన్నెలో వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, కూరగాయలు ఉడుకుతాయంతే. నీరు తగ్గాకే వేడి పెరిగి, రంగు మారి, ఆ లోతైన తీపి పుడుతుంది. ఇందులో వచ్చే తప్పులన్నీ దాదాపు ఈ ఒక్క విషయం మరిచిపోవడం వల్లే వస్తాయి.

కొలతలు రాసుకోండి. ఉల్లిపాయలు కిలో. బాగా పండిన టమాటాలు కిలో. పచ్చ క్యాప్సికం పావు కిలో. వెల్లుల్లి ఐదు రెబ్బలు. నూనె 120 మిల్లీలీటర్లు. ఉప్పు ఒకటిన్నర టీస్పూన్. పిమెంతోన్ అనే స్పానిష్ మిరపపొడి ఒక టీస్పూన్. ఇవన్నీ కలిపి రెండు కిలోల పైమాట కదా, చివరికి చేతికొచ్చేది ముప్పావు కిలో అటూ ఇటూ. లీటరుంబావు పైగా నీరు ఆవిరై పోతుంది. దానికి రెండు గంటలు పడుతుంది. నలభై నిమిషాల్లో అయిందని ఎవరైనా చెబితే, గిన్నెలో ఇంకా నీరుందన్నమాట.

నూనె ఎక్కువనిపిస్తుంది, తెలుసు. తగ్గించకండి. నీరు పోయాక ఉల్లి మాడకుండా కాపాడేది ఆ నూనే. పైగా ముప్పావు కిలో సోఫ్రీతో పాతిక ముప్పై మందికి సరిపోతుంది, తలా ఒక టీస్పూన్ కూడా పడదు. స్పెయిన్‌లో ఆలివ్ నూనె వాడతారు, ఆ రుచి వేరు. దొరకకపోతే వేరుశనగ నూనెతో బాగానే వస్తుంది. నువ్వుల నూనె వద్దు, దాని వాసన అన్నిటినీ మింగేస్తుంది.

గిన్నె వెడల్పుగా ఉండాలి, 28 నుంచి 30 సెంటీమీటర్లు, అడుగు మందంగా. స్పెయిన్‌లో వెడల్పాటి మట్టి మూకుళ్ళలో చేసేవారు, ఇప్పటికీ కొందరు చేస్తారు. మన ఇళ్ళలో మందపాటి స్టీలు బాండీ చాలు. ఇనుప మూకుడు మాత్రం వద్దు. టమాటా పులుపు గంటసేపు ఇనుముతో కలిసుంటే రంగు నల్లబడి ఇనుప రుచి వస్తుంది. లోతైన, ఇరుకు గిన్నెలో ఆవిరి పైకి రాలేక లోపలే తిరుగుతుంది. అందుకే ముక్కల పొర మూడు నాలుగు సెంటీమీటర్లు మించకూడదు. మిగులు ఎక్కువుందని అదే గిన్నెలో రెట్టింపు పోస్తే సమయం రెట్టింపుతో ఆగదు, మూడింతలవుతుంది. రెండు బాండీలు పెట్టుకోండి.

ఉల్లిని మూడు నాలుగు మిల్లీమీటర్ల ముక్కలుగా, అన్నీ ఒకే సైజులో తరగాలి. మిక్సీలో వేయకండి. రుబ్బిన ఉల్లి ఘాటు, చేదు పట్టేస్తుంది, నూనెలో వేగదు, చిటపటలాడుతూ ఉడుకుతుంది. ముద్ద మెత్తగా కావాలనుకుంటే అంతా అయ్యాక రుబ్బుకోండి.

నూనె కాస్త వేడెక్కగానే, పొగ రాకముందే, ఉల్లి వేసి ఉప్పంతా అప్పుడే వేసేయాలి. ఉప్పు ముక్కల్లోంచి నీటిని లాగుతుంది. సన్న సెగ, మూత పెట్టి పది నిమిషాలు. తర్వాత మూత తీసేయాలి, మళ్ళీ పెట్టకూడదు. పదిహేనో నిమిషానికి ముక్క అద్దంలా మెరుస్తుంది. అరగంటకి ఎండుగడ్డి రంగు. నలభై ఐదు, యాభై నిమిషాలకి తేనె రంగు. కాటలోనియాలో ఇంకా ముందుకెళ్ళి తాటిబెల్లం రంగు వచ్చేదాకా, ఉల్లి జామ్‌లా అయ్యేదాకా లాగేవాళ్ళున్నారు. చేపల కూరలకి, చేపలు రొయ్యలు వేసి వండే అన్నాలకి ఆ రంగు బాగుంటుంది. పప్పులకి, గుడ్లకి తేనె రంగు చాలు.

ఇక్కడ మన చేతి అలవాటు అడ్డొస్తుంది. బిర్యానీకి ఉల్లి వేయించినట్టు పెద్ద మంట మీద ఎర్రగా వేపుతాం. అప్పుడు అంచులు మాడతాయి, లోపల పచ్చి మిగులుతుంది, టమాటా పడ్డాక ఆ చేదు ఎటూ పోదు. ముప్పై నిమిషాల తర్వాత అడుగున గోధుమరంగు పొర అంటుకోవడం మామూలే. భయపడి నూనె పోయకండి. రెండు టేబుల్ స్పూన్ల నీళ్ళు చిలకరించి చెక్క గరిటెతో గీరండి. ఆ పొర కరిగి ఉల్లిలోకి వెళ్తుంది. మూడు నాలుగు సార్లు ఇలా చేయొచ్చు, రంగంతా అందులోంచే వస్తుంది. పొర నల్లబడితే మాత్రం గీరకూడదు. పైన ఉన్న ఉల్లిని వేరే గిన్నెలోకి తీసుకుని, అడుగుని వదిలేయాలి.

స్పెయిన్‌లో ఈ సెగకి ఒక ముద్దు పేరుంది: చుప్ చుప్. అక్కడొక బుడగ, ఇక్కడొక బుడగ లేచి పగిలే చప్పుడు. కుతకుత ఉడికితే సెగ ఎక్కువైనట్టు.

ఉల్లి ఎండుగడ్డి రంగులో ఉండగా క్యాప్సికం వేయాలి. అక్కడ వాడేది పొడుగ్గా, పలచటి తోలుతో ఉండే కారం లేని పచ్చ మిరప. మన క్యాప్సికం తోలు మందం, కాబట్టి ఉల్లి ముక్కకంటే సన్నగా తరగండి. లేదంటే తోలు చుట్టుకుపోయి పంటికి తగులుతుంది. కారం తక్కువున్న బజ్జీ మిరపకాయలుంటే గింజలు, ఈనెలు తీసి వాడొచ్చు. వెల్లుల్లి చివర్లో, టమాటాకి రెండు నిమిషాల ముందు. మొదట్లో వేస్తే గంటసేపు నిలబడలేదు, మాడి చేదెక్కుతుంది.

తర్వాత పిమెంతోన్. ఎక్స్‌ట్రెమదూరా ప్రాంతంలో లా వేరా అనే చోట మిరపపళ్ళని ఓక్ కట్టెల పొగ మీద రెండు వారాల దాకా ఆరబెట్టి చేసే పొడి ఇది. ఎర్రగా, పొగ వాసనతో ఉంటుంది. మిరపపొడిలో చక్కెర ఉంటుంది, వేడి నూనెలో క్షణాల్లో మాడుతుంది. పొయ్యి కట్టేసి, పొడి వేసి, రెండు తిప్పులు తిప్పి వెంటనే టమాటా పోయాలి. అది దొరకకపోతే బ్యాడిగి మిరపపొడి రంగునిస్తుంది, కారం పెద్దగా ఉండదు. పొగ వాసన మాత్రం రాదు. బిర్యానీ ఆకు వేయాలా అని అడుగుతుంటారు. స్పెయిన్‌లో వేసే ఆకు లారెల్, మన బిర్యానీ ఆకు దాల్చినచెక్క జాతి చెట్టుది. వాసనలు కలవవు. లారెల్ లేకపోతే ఏదీ వేయకండి.

టమాటాని వాళ్ళు తరగరు, తురుముతారు. అడ్డంగా రెండు చెక్కలు చేసి, కోసిన వైపు తురుముపీట పెద్ద చిల్లులకి ఆనించి అరచేత్తో రుద్దితే గుజ్జంతా కిందికి, తోలు చేతిలోకి. వేడినీళ్ళలో వేసి తోలు తీసే పని లేదు. గింజల చుట్టూ ఉండే జిగురు పారేయకండి, టమాటా రుచి ఎక్కువగా అందులోనే ఉంటుంది. నాటు టమాటాలో రసం, పులుపు ఎక్కువ, అది గంట తీసుకుంటుంది. గట్టి హైబ్రిడ్ కాయ నలభై నిమిషాల్లో దగ్గరపడుతుంది కానీ రుచి చప్పగా ఉంటుంది. రెండూ ఉంటే సగం సగం కలపండి.

టమాటా ముందే వేసేస్తే? ఉల్లి మెత్తబడకముందే పులుపు తగిలితే ముక్క బిగుసుకుపోతుంది. గింజలోనో గడ్డలోనో కణాలని పట్టి ఉంచే పెక్టిన్ పులుపులో త్వరగా కరగదు. పప్పు ఉడక్కముందే చింతపండు వేస్తే పప్పు బద్దల్లాగే ఉండిపోవడం మీ అందరికీ తెలిసిందే. ఇక్కడ జరిగేదీ అదే. ఆ తర్వాత రెండు గంటలు మరిగించినా ఉల్లి కరకరలాడుతూనే ఉంటుంది.

అయిందని తెలిసేది ఎలా అంటే, గడియారం కంటే కన్ను, చెవి నమ్మకం. గరిటెతో గిన్నె అడుగున ఒక గీత గీయండి. మూడు సెకన్లు ఆ దారి మూసుకోకుండా ఉండాలి. అంచుల్లో నూనె విడిగా, ఎర్రగా తేలాలి. గోంగూర మగ్గించేటప్పుడు నూనె తేలేదాకా అంటాం కదా, అదే గుర్తు ఇక్కడా. నీరున్నంతసేపూ నూనె దానితో కలిసి చిక్కటి గుజ్జులా ఉంటుంది, నీరు పోయాక నిలవలేక విడిపోతుంది. చప్పుడు కూడా మారుతుంది. చుప్ చుప్ ఆగి, సన్నగా వేగే చప్పుడు మొదలవుతుంది. అప్పుడు రుచి చూడండి. ఇంకా పుల్లగా ఉంటే పావు టీస్పూన్ చక్కెర వేయొచ్చు, స్పెయిన్‌లోనూ వేస్తారు. అయితే ఉల్లి బాగా మగ్గినప్పుడు ఆ అవసరం చాలాసార్లు రాదు.

(సభలోంచి: కుక్కర్‌లో పెట్టేస్తే త్వరగా అవుతుంది కదా?)

ఉల్లి మెత్తబడటం వరకు అవుతుంది. రెండు మూడు విజిల్స్‌కి మెత్తగా ఉడుకుతుంది. కానీ కుక్కర్ నీటిని బయటికి పోనివ్వదు. మూత తీశాక ఆ నీటిని ఎలాగూ ఇగరబెట్టాలి, రంగు కోసం మళ్ళీ అరగంట. మొత్తం మీద ఇరవై నిమిషాలు కలిసొస్తాయి. సోడా ఉప్పు చిటికెడు వేస్తే రంగు త్వరగా వస్తుందని కూడా అంటారు. వస్తుంది నిజమే, ఉల్లి మాత్రం జావైపోతుంది, రుచి చప్పబడుతుంది. నేను వద్దంటాను.

ఇప్పుడు అసలు మీ బుట్టల సంగతి. ఫ్రిజ్‌లో ఏది మిగిలితే అది వేసేస్తే సోఫ్రీతో అవదు. ప్రతి కూరగాయకీ దాని నీరు, దాని వాసన ఉంటాయి. పైన చెప్పిన కొలతకి అదనంగా అరకిలో మించి వేరే కూరగాయలు చేర్చొద్దు.

క్యారట్, గుమ్మడి సులువు. సన్నగా తురిమి, ఉల్లితో పాటే వేయండి. 150 గ్రాములు దాటితే తీపి పైకొచ్చి అన్నంలోకి బాగుండదు. ఉల్లికాడలు, లీక్ అనే లావుపాటి ఉల్లికాడలు ఉంటే ఉల్లిలో పావు వంతు వాటితో మార్చుకోవచ్చు. తోటకూర కాడలు పీచు తీసి సన్నగా తరిగి వేయొచ్చు. ఆకులు వద్దు, గంటసేపు మగ్గితే ఆకు నల్లబడి మట్టి వాసన వేస్తుంది.

సొరకాయ, బీరకాయ, జుకినీ ఉన్నవాళ్ళు జాగ్రత్తగా వినండి, ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. వీటిని నేరుగా గిన్నెలో వేస్తే సోఫ్రీతో పులుసవుతుంది. సెంటీమీటరు ముక్కలు కోసి, అరకిలోకి ఒక టీస్పూన్ ఉప్పు పట్టించి, అరగంట జల్లెడలో ఉంచండి. చేత్తో పిండండి. వేరే బాండీలో కొంచెం నూనెతో, ఈసారి పెద్ద మంట మీద, ఒకే పొరగా పరిచి అంచులు ఎర్రబడేదాకా వేపండి. ముక్కలు ఒకదానిమీదొకటి పడితే మళ్ళీ నీరు ఊరుతుంది. టమాటా దగ్గరపడ్డాక వీటిని కలిపి పది నిమిషాలు. ఇలా ఉప్పు పట్టించిన రోజు ఉల్లిలో వేసే ఉప్పు సగానికి తగ్గించండి.

వంకాయా అంతే, విడిగానే. ముక్క ముందు స్పాంజిలా నూనెంతా పీల్చుకుంటుంది. అక్కడే అందరూ కంగారుపడి ఇంకో గరిటె పోస్తారు. ఆగండి. లోపలి గాలి గదులు కూలిపోయాక పీల్చిన నూనెలో కొంత ముక్కే వదిలేస్తుంది.

వంకాయ, జుకినీ, క్యాప్సికం, ఉల్లి, టమాటా కలిపి ఇలా చేసినదాన్ని కాటలోనియాలో సంఫైనా అంటారు. లా మాంచా ప్రాంతంలో దీనికి దగ్గరిది పిస్తో, పైన ఒక వేయించిన గుడ్డు పెట్టుకుని రొట్టెతో తింటారు. తోటలన్నీ ఒక్కసారే కాసే ఎండాకాలపు వంటలివి. మీ మిగులుకి నేరుగా సరిపోయేవి ఇవే.

బీన్స్, చిక్కుడు, గోరుచిక్కుడు లాంటివి సోఫ్రీతోలో వేయకండి, సోఫ్రీతోతో వండుకోండి. కాలీఫ్లవర్, క్యాబేజీ, ముల్లంగి ఎక్కువసేపు ఉడికితే గంధకం వాసన వస్తుంది, గిన్నెంతా పాడు. బెండకాయ జిగురు, కాకరకాయ చేదు, బీట్‌రూట్ రంగు. ఈ మూడూ దూరం పెట్టండి. పగిలిన టమాటా అదే రోజు వాడితే ఫరవాలేదు. బూజు పట్టినది మాత్రం ఆ మచ్చ వరకు కోసి వాడొద్దు. మెత్తటి పండులో బూజు కంటికి కనబడనంత లోపలికి పాకి ఉంటుంది. కాయంతా ఎరువు కుండీలోకే.

నిలవ గురించి గట్టిగా చెప్పాలి, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. పైన నూనె తేలుతోంది కదా, ఊరగాయలాగే జాడీలో ఉంటుందిలే అనుకోవడం చాలా ప్రమాదం. ఊరగాయని కాపాడేది నూనె ఒక్కటే కాదు, అంత ఉప్పు, అంత పులుపు. సోఫ్రీతోలో ఆ రెండూ చాలవు. ఉల్లి, వెల్లుల్లి, క్యాప్సికం పులుపు లేనివి, పైన నూనె గాలి తగలకుండా చేస్తుంది. బొట్యులిజం అనే జబ్బు తెచ్చే విషాన్ని తయారుచేసే సూక్ష్మజీవికి సరిగ్గా అలాంటి చోటే కావాలి. దాని బీజాలు మరిగే నీళ్ళలో చావవు, విషం పుట్టినా వాసనలో తెలియకపోవచ్చు. సీసాల్లో పోసి నీళ్ళలో మరిగించి అల్మారాలో పెట్టే పద్ధతి వట్టి టమాటాకి, అదీ నిమ్మ ఉప్పు చేర్చినప్పుడు పనికొస్తుంది, సోఫ్రీతోకి పనికిరాదు.

కాబట్టి ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో మూడు నెలలు. పొయ్యి దించగానే వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరిచి చల్లార్చండి, రెండు గంటల్లోపు చలిలోకి వెళ్ళాలి. ఐస్ ట్రేలో ఒక్కో గడికి టేబుల్ స్పూన్ పైచిలుకు పడుతుంది. గట్టిపడ్డాక తీసి సంచిలో కట్టి, తారీఖు రాసుకోండి. ట్రే లేకపోతే జిప్ సంచిలో సెంటీమీటరు మందాన పరిచి, గరిటె అంచుతో గళ్ళు నొక్కి గడ్డకట్టించండి, చాక్లెట్‌లా విరుగుతుంది. కరిగించి మిగిలినది మళ్ళీ గడ్డకట్టించొద్దు.

వాడకం. అన్నానికి మనిషికి టేబుల్ స్పూనున్నర. దాన్ని వేడిచేసి, బియ్యం వేసి రెండు నిమిషాలు తిప్పి, అప్పుడు కూరగాయలో చేపలో మరిగించి వడకట్టిన వేడి నీళ్ళు పోయాలి. వలెన్సియాలో వెడల్పాటి మూకుడులో వండే పాయెల్యా అనే అన్నంలో మాత్రం ఉల్లి వేయరు, అది అన్నాన్ని మెత్తబరుస్తుందని అక్కడివాళ్ళ పట్టుదల. దానికి టమాటా, పిమెంతోన్‌తోనే సోఫ్రీతో చేసుకుంటారు. పొట్టుతో ఉన్న మసూర్ పావుకిలోకి నాలుగు టేబుల్ స్పూన్లు. పప్పు మెత్తబడ్డాకే కలపండి, కారణం ఇందాక చెప్పుకున్నాం. చేపల కూరకైతే దించే ముందు పికాదా వేస్తారు: పది వేయించిన బాదంపప్పులు, ఒక వెల్లుల్లి రెబ్బ, వేయించిన రొట్టె ముక్క, పార్స్లీ రోట్లో నూరి, కూర రసంతో జారుగా కలిపి పోసి ఐదు నిమిషాలు ఉంచుతారు. పులుసు చిక్కబడుతుంది.

(సభలోంచి: పసుపు, అల్లం కూడా వేసి చేసి పెట్టుకుంటే మన కూరల్లోకి పనికొస్తుంది కదా?)

కూర వండేటప్పుడు వేసుకోండి. ముద్దలో వేస్తే అది కూరకే పనికొస్తుంది, అన్నానికి, గుడ్లకి, చేపకి పనికిరాదు. మూడు నెలలు ఉండే వస్తువు, దాన్ని ఒక్క వంటకి కట్టేయకండి. ఫ్రీజర్‌లోంచి తీసిన సోఫ్రీతో ముక్క బాండీలో పడ్డాక, కరిగి నూనె తేలిన తర్వాత, అప్పుడు అల్లం వేసుకుంటే పచ్చివాసన కూడా పోతుంది.